మాక్ టెస్టులా, చేత్తో కోడా?

జావా ప్రోగ్రామింగ్ భాషకు ఒరాకిల్ పెట్టే జావా ఎస్ఈ 17 డెవలపర్ సర్టిఫికేషన్ పరీక్షకు ఎలా సిద్ధం కావాలి, మాక్ టెస్టులు రాస్తూనా, కోడ్ రాసి చూస్తూనా? ఈ పరీక్షలో 90 నిమిషాలకు 50 ప్రశ్నలు, పాసవ్వాలంటే 68 శాతం రావాలి. ప్రశ్నకు రెండు నిమిషాలు కూడా ఉండవన్నమాట. ఆ వేగం అలవాటు చేసేవి మాక్ టెస్టులే. కాకపోతే అదే టెస్టు మూడోసారి రాసేసరికి గుర్తుండేది జవాబే, కారణం కాదు.

కోడ్ రాసి చూడటం నత్తనడకే. కానీ రెండు ఇంటీజర్ వేరియబుల్స్‌లో (మామూలు సంఖ్య రకమైన ఇంట్ కాదు, ఆ సంఖ్యను ఆబ్జెక్టుగా చుట్టే రాపర్ క్లాసు) 127 పెట్టి == తో పోల్చండి: ట్రూ. 128 పెట్టండి: ఫాల్స్! ఇక్కడ == చూసేది విలువను కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అని; -128 నుంచి 127 దాకా విలువలకు జావా కాష్‌లో (ముందే దాచి ఉంచిన చోట) ఉన్న ఆబ్జెక్టునే మళ్లీ ఇస్తుంది మరి. చదివితే జారిపోయే సంగతి ఇది, ఒకసారి రన్ చేస్తే మర్చిపోరు. ఐడీఈ (టైప్ చేస్తుండగానే తప్పుల కింద గీత గీసే కోడ్ ఎడిటర్) మాత్రం వద్దు సుమా, ఆ ఎర్ర గీతలు పరీక్షలో కనిపించవు.

నా ఓటు ముందు కోడ్‌కే. మాక్ టెస్టులు చివరి రెండు వారాలకు చాలు.