కేబుల్ యాక్సిలరేటరా, ఎలక్ట్రానిక్ థ్రాటిలా: ఏది మేలు?

సెకండ్ హ్యాండ్ కారు కొనబోయేవాళ్లు ఈ మధ్య నన్ను మైలేజీ గురించి కన్నా రేస్ పెడల్ గురించే ఎక్కువగా అడుగుతున్నారు. "అన్నా, పాత బండికైతే కేబుల్ ఉంటది, కంటికి కనిపిస్తది. కొత్తదాంట్ల అంతా సెన్సారే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద నూరు స్పీడ్‌ల ఉన్నప్పుడు అది ఆగం చేస్తే ఎట్ల?" అడిగేవాళ్లలో నడిపే అనుభవం లేనివాళ్లు తక్కువే. అందుకే ఆ భయాన్ని ఉత్తిదే అని కొట్టిపారేయను. రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

కేబుల్‌లో ఉన్న పెద్ద సుఖం, దాన్ని ఎవరైనా అర్థం చేసుకోగలరు. పెడల్ తొక్కితే తీగ లాగుతుంది, ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ పలక తెరుచుకుంటుంది, వదిలేస్తే స్ప్రింగ్ మూసేస్తుంది. పాడైతే హైదరాబాద్ పుత్లీబౌలి స్పేర్ పార్టుల షాపుల్లో కేబుల్ తెచ్చుకుని పక్క వీధి ఉస్తాద్ చేత వేయించుకోవచ్చు. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ మాటే లేదు. మారుతి 800 తరం మొత్తం ఇలాగే నడిచింది.

కానీ కేబుల్ ఎలా పాడవుతుందో దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. పాత కేబుల్‌ను పెడల్ దగ్గర విప్పి చూడండి. కొక్కెం పక్కన తీగ పోగులు ఒక్కొక్కటే తెగి, ముళ్లలా బయటికి లేచి ఉంటాయి. ఆ ముళ్లు తొడుగు లోపల గీసుకుంటూ వెళ్తాయి. ఒకరోజు పూర్తిగా తొక్కినప్పుడు అవి లోపల ఇరుక్కుంటే, కాలు తీసినా పలక వెనక్కి రాదు. మసి పట్టి జిగురెక్కిన థ్రాటిల్ పలకా అంతే చేస్తుంది, అలసిపోయిన స్ప్రింగూ అంతే. ఆ క్షణంలో ఏదో తేడా జరిగిందని బండికి తెలియదు. తెలిసే ఏర్పాటే అందులో లేదు. నన్నడిగితే అసలు విషయమంతా ఇక్కడే ఉంది: పాడైన సంగతి బండి తనంతట తాను పసిగడుతుందా, పసిగట్టాక ఇంజిన్‌ను ఎటు తీసుకెళ్తుంది?

ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌ను ఈ ప్రశ్న చుట్టూనే కట్టారు. ఇందులో తీగ ఉండదు. పెడల్ ఎంత తొక్కామో సెన్సార్లు కారు కంప్యూటర్‌కు చెబుతాయి, అది చిన్న మోటారుతో పలకను తెరుస్తుంది. పెడల్‌లో రెండు సెన్సార్లు ఉంటాయి. స్కానర్ పెట్టి లైవ్ డేటా చూస్తే చాలా కార్లలో ఒకదాని వోల్టేజీ ఇంకోదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. మెల్లగా తొక్కుతూ పోతే రెండూ అదే లెక్కలో కలిసి పెరుగుతాయి. కావాలనే అలా వేరువేరుగా పెట్టారు. రెండు వైర్లు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయితే రెండు అంకెలూ ఒకటైపోతాయి, కంప్యూటర్ వెంటనే పట్టేస్తుంది. పలక ఉండే థ్రాటిల్ బాడీలోనూ అలాగే రెండు సెన్సార్లు. పైగా కంప్యూటర్ లెక్కను సరిచూసే ఇంకో కాపలా కూడా ఉంటుంది. లెక్క తప్పితే మోటారుకు కరెంటు ఆగిపోతుంది. అప్పుడు స్ప్రింగులు పలకను కొద్దిగా తెరిచిన చోటికి తెస్తాయి. బండి పరుగెత్తదు, మెల్లగా పక్కకు తీసుకెళ్లేంత శక్తి మాత్రం ఉంటుంది.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎలుకలు ఒకాయన కారు వైరింగ్ కొరికేశాయి. పొద్దున ఆఫీసుకు బయల్దేరితే చెక్ లైట్ వెలిగింది, ఎంత తొక్కినా రేస్ అందుకోలేదు, గేటు దాటడమే గగనమైంది. "ఈ సెన్సార్ బండ్లతో ఇదే టెన్షన్" అని ఆయన విసుక్కున్నారు. నాకు మాత్రం బండి చేయాల్సిన పనే చేసిందనిపించింది. సమాచారం నమ్మదగ్గది కానప్పుడు వేగం వద్దనుకుంది. రిపేరు బిల్లు బాధ నిజమే. ఆ బాధకూ ప్రమాదానికీ చాలా దూరం ఉంది.

ఇక అందరూ గుర్తు చేసేది, టొయోటా కార్లు హఠాత్తుగా వాటంతటవే వేగం అందుకుంటున్నాయన్న గొడవ. ఇంటర్నెట్‌లో సగం సగం చెప్పడం వల్ల దీన్ని రెండు వైపుల వాళ్లూ తమకు అనుకూలంగా వాడుకుంటారు. 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్ డియేగో దగ్గర టొయోటా వాళ్లదే ఒక లెక్సస్ కారు అదుపు తప్పి నలుగురు చనిపోయారు. అందులో వేరే మోడల్‌కు చేసిన మందపాటి రబ్బరు మ్యాట్ ఉంది, పెడల్ దాని కింద ఇరుక్కుంది. 2010 జనవరిలో టొయోటా దాదాపు 23 లక్షల బండ్లను వెనక్కి పిలిపించింది పెడల్ యంత్ర భాగం బిగుసుకుపోతున్నందుకు. ఆ తర్వాత అమెరికా రవాణా శాఖ నాసా ఇంజినీర్లను పిలిచి ఎలక్ట్రానిక్స్‌ను శోధింపజేసింది. అలాంటి హఠాత్ వేగానికి ఎలక్ట్రానిక్ కారణం దొరకలేదని 2011 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. అదే పరిశీలనలో కొన్ని పెడల్ సెన్సార్ల లోపల వెంట్రుక కన్నా సన్నటి తగరపు పోగులు పెరిగి షార్ట్ చేయగలవని కూడా తేలింది. 2013లో ఓక్లహోమాలో జ్యూరీ 2005 క్యామ్రీ కేసులో కంపెనీకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అక్కడ నిపుణుల సాక్ష్యం థ్రాటిల్ సాఫ్ట్‌వేర్ లోపాల చుట్టూనే నడిచింది. కాబట్టి సాఫ్ట్‌వేర్ అంటే అనుమానం ఉండటం తప్పు కాదు. మనం విప్పి చూడలేని భాగం అది. ఈ ఒక్క విషయంలో కేబుల్‌దే పైచేయి.

అలాగని కేబుల్ కాలంలో హఠాత్ వేగం లేదనుకోవద్దు. 1980లలో ఆడి 5000 మీద అమెరికాలో ఇదే గోల జరిగింది. 1989లో ప్రభుత్వ నివేదిక చెప్పింది, చాలావరకు డ్రైవర్లు బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కారని.

నా లెక్కలో తక్కెడను మొగ్గించేది బ్రేక్ ఓవర్‌రైడ్. రెండు పెడళ్లూ ఒకేసారి నొక్కి ఉంటే కంప్యూటర్ బ్రేక్ మాటే విని థ్రాటిల్‌ను మూసేస్తుంది. మ్యాట్ కింద పెడల్ ఇరుక్కున్నా పనిచేస్తుంది. కేబుల్ బండిలో దీనికి దారే లేదు. దీని విలువ తెలియాలంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు పెట్రోల్ ఇంజిన్‌లో, కాలి నొక్కుకు బలం కలిపే బ్రేక్ బూస్టర్‌కు కావాల్సిన వాక్యూమ్ తయారవదు. నిల్వ ఉన్నది ఒకటి రెండు నొక్కులకే సరి. కంగారులో బ్రేకును పదే పదే కొడితే పెడల్ గట్టిపడి కాలికి లొంగదు. అందుకే ఏ బండైనా సరే, ఒకే నొక్కు, గట్టిగా, వదలకుండా. వెంటనే న్యూట్రల్. ఇంజిన్ అరిచినా అరవనివ్వండి. బండి ఆగాకే ఇంజిన్ ఆపండి. కదులుతుండగా తాళం చెవి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ అవుతుంది.

బ్రేక్ ఓవర్‌రైడ్ ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న ప్రతి బండిలోనూ ఉండదు. పాతవాటిలో చాలా వరకు లేదు. కొనేముందు ఓనర్ మాన్యువల్ తిరగేయండి, లేదా ఆ మోడల్, ఆ ఏడాది చెప్పి సర్వీస్ సెంటర్‌లో అడగండి. షోరూమ్ సేల్స్ అబ్బాయి "అన్నీ ఉన్నాయి సార్" అంటే దాన్ని సమాధానంగా తీసుకోకండి. ఇంకోటి, బ్రేక్ అనుకుని రేసే తొక్కుతున్న మనిషిని ఇది కూడా కాపాడదు.

మ్యాట్ల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కారు తెచ్చిన రోజే యాక్సెసరీస్ షాపుకు తీసుకెళ్లి, కంపెనీ మ్యాట్ మీదే మందపాటి 7డి మ్యాట్ పరిపించడం మన ఊళ్లో మామూలైపోయింది. పాతది తీసి, కొత్తదాన్ని కొక్కేలకు తగిలించి, పెడల్‌ను చేత్తో చివరిదాకా నొక్కి వదలండి. అంచు ఎక్కడైనా తగులుతుంటే అక్కడే తీయించేయండి.

డీజిల్ వాళ్లకు ఈ చర్చ అంతగా పనికిరాదు, కంప్యూటరే ఇంధనం కొలిచి ఇచ్చే కామన్ రైల్ బండ్లన్నింటికీ పెడల్ ఎలక్ట్రానిక్కే. ఈవీలకు ఇంకో దారే లేదు. పికప్ కోసం పెడల్ వైరుకు తగిలించే థ్రాటిల్ డబ్బాలు మాత్రం వద్దు. కంపెనీ పెట్టిన సెన్సార్ లెక్కల మధ్యలో బయటివాడి చెయ్యి ఎందుకు?

ఇక మేలు ఏదంటే, బ్రేక్ ఓవర్‌రైడ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ నొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) రెండూ ఉన్న ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బండి. ఏబీఎస్ మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి, కాబట్టి ఆ తర్వాతి బండ్లతో వెతకడం మొదలుపెట్టండి. ఓవర్‌రైడ్ లేని పాత ఎలక్ట్రానిక్ బండికీ, బాగా చూసుకున్న కేబుల్ బండికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే అప్పటికీ ఎలక్ట్రానిక్ వైపే మొగ్గుతాను, కానీ అంత ధీమాగా కాదు. బడ్జెట్ లేక కేబుల్ బండే కొంటే, నడిపేముందు కొత్త కేబుల్ వేయించి థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించండి. ఎలక్ట్రానిక్‌ది కొంటుంటే స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి, ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, పెడల్ మెల్లగా తొక్కుతూ ఆ రెండు అంకెలూ ఎక్కడా తడబడకుండా పెరుగుతున్నాయో లేదో చూడమనండి. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరదల్లో మునిగిన బండేమోనన్న అనుమానం ఉంటే కనెక్టర్ కూడా ఊడదీయించి లోపల పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. ఉంటే ఆ బండి ఎంత చవకైనా వదిలేయండి.