ఏనుగు మల్లమ్మ కొండపై పాత బంగళాలో ఒక రాత్రి

తిరుపతి నుంచి మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ చేరి, అక్కడి పాత అటవీ బంగళాలో ఒక రాత్రి బస చేశాము. చరిత్ర మీద మమకారం ఉన్నవారు తప్పక ఉండవలసిన చోటు ఇది. స్థానికులు ఏనుగు మల్లమ్మ కొండగా పిలుచుకునే ఈ ప్రాంతాన్ని 19వ శతాబ్దంలో కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ వేసవి విడిదిగా ఎంచుకున్నారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని కొండకు కడప కలెక్టరు ఎందుకు వచ్చారని మా అమ్మాయి అడిగింది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు మదనపల్లె తాలూకా కడప జిల్లాలోనే ఉండేది.

గది సాదాగా, శుభ్రంగా ఉంది. నన్ను కదిలించింది మాత్రం బంగళా చూసుకునే పెద్దాయన ఆదరణ. దొరల కాలంలో ముసాఫరు బంగళాలను నిజంగా నడిపినవారు ఇటువంటి కాపలాదారులు, వంటవాళ్లే. క్యాంపుకు వచ్చే అధికారి కోసం నీళ్లు కాచి, దీపాలు వెలిగించి, ఏ వేళకు వచ్చినా అన్నం పెట్టిన ఆ మనుషుల పేర్లు చరిత్రకెక్కకపోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

రాత్రి రాగిసంగటి, నాటుకోడి పులుసు వేడివేడిగా వడ్డించారు. చలి ఎక్కువ, శాలువా మరవకండి. ఉదయం 1859లో నాటిన నీలగిరి చెట్టు దగ్గరకు ఆ పెద్దాయనే మమ్మల్ని నడిపించుకుని వెళ్లారు.