గిడ్డంగిలోకి వచ్చిన సముద్రం: ఫోర్ట్ కొచ్చిలో మూడు రోజులు

హైదరాబాదులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి దాదాపు ఒక రోజంతా ప్రయాణించి ఎర్నాకుళం టౌన్‌లో దిగిన మేము, రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన కొచ్చి-ముజిరిస్ బినాలే మూడో విడతను 2017 జనవరిలో చూడడానికి మూడు రోజులు కేటాయించుకున్నాము. ఎర్నాకుళం జెట్టీ నుంచి ఫోర్ట్ కొచ్చికి ప్రభుత్వ పడవలో వెళ్లడం టాక్సీ కంటే అన్ని విధాలా మేలనిపించింది. ఇప్పుడైతే హైకోర్టు జెట్టీ నుంచి వాటర్ మెట్రో కూడా నడుస్తోంది. పడవ దిగిన చోటి నుంచి అప్పటి ప్రధాన వేదికైన ఆస్పిన్‌వాల్ హౌస్‌కు నడిచే వెళ్లవచ్చు.

1867లో మొదలైన ఒక వర్తక సంస్థ మిరియాలు, అల్లం, పసుపు, కొబ్బరి నూనె, తోళ్లు ఓడల్లోకి ఎక్కించిన భవన సముదాయమిది. గోడలు పెచ్చులూడి ఉంటాయి, కిటికీ తెరిస్తే ఉప్పుగాలి. ఇక్కడ బొమ్మ తెచ్చి మేకుకు తగిలిస్తే భవనమే దాన్ని మింగేస్తుంది. ఆ సంగతి తెలిసినవారు భవనాన్నే పనిముట్టుగా చేసుకున్నారు. 2012 నాటి తొలి విడతలో కళాకారులు షీలా గౌడ, క్రిస్టోఫ్ స్టోర్జ్ కలిసి, మిక్సీలు వచ్చాక వీధిన పడ్డ రుబ్బురోళ్లను నూటికి పైగా ఇక్కడికి చేర్చారు. మసాలా దినుసులతో బతికిన గిడ్డంగి ముందు, వాటిని నూరిన రాళ్లన్న మాట. 2014లో శిల్పి అనీష్ కపూర్ సముద్రానికి దగ్గరగా ఉన్న గదిలో, నేలలోనే సుడిగుండం తిప్పాడు. ఆ రెండూ నేను చూడలేదు. విన్నప్పటి నుంచీ చూడనందుకు బాధపడుతూనే ఉన్నాను.

మేము చూసిన వాటిలో చిలీ కవి రౌల్ సురీతా చేసిన ‘సీ ఆఫ్ పెయిన్’ ఒక్కదాని కోసమైనా ఆ ప్రయాణం చేయవచ్చు. పొడవైన గిడ్డంగి నిండా సముద్రపు నీరు; చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గోడల మీది కవితా పంక్తులు చదువుకుంటూ చివరి గోడ దాకా నీళ్లలో నడవాలి. 2015లో టర్కీ తీరాన మునిగిపోయిన సిరియా శరణార్థి బాలుడు అలన్ కుర్దీ ఫొటోను ప్రపంచమంతా చూసింది. అతనితోపాటే చనిపోయిన అన్న గాలిప్‌కు అలాంటి ఫొటో లేదు, ఈ కృతి ఆ పిల్లవాడికి అంకితం. మా వెనుకే వచ్చిన బడిపిల్లలు మొదట నీళ్లు చిమ్ముకుంటూ కేరింతలు కొట్టారు. చివరి గోడ దగ్గర వాళ్ల టీచరు మలయాళంలో ఏదో వివరించాక మెల్లగా తిరిగి వచ్చారు. స్లొవేనియా కవి అలేష్ ష్టేగర్ ప్రాంగణంలో పేడ, మట్టి అలికి కట్టిన పిరమిడ్‌లో, ప్రవాస కవుల గొంతులు వింటూ చీకట్లో తడుముకుంటూ నడిచాము. ఊపిరాడదనుకునేవారు దాన్ని వదిలేయడం మంచిది. హైదరాబాదు కళాకారిణి దియా మెహతా భూపాల్ పత్రికల కాగితాన్ని చుట్టి కట్టిన మరుగుదొడ్డి గది పనితనం అబ్బురపరిచింది గాని, అది ఏ ఊళ్లో పెట్టినా అంతే నిలిచే కృతి.

బినాలే వేదికలుగా మారిన మట్టాంచేరి బజార్ రోడ్డులోని గిడ్డంగులకు ఆటో ఎక్కకండి. అల్లం, మిరియాల బస్తాలు దించే హమాలీల మధ్యగా నడిస్తేనే ఆస్పిన్‌వాల్‌లో చూసినదానికి అర్థం పూర్తవుతుంది. ఎర్నాకుళంలోని మరో వేదిక దర్బార్ హాల్ గ్యాలరీ చల్లగా, తెల్లగా, మర్యాదగా ఉంటుంది. తిరుగు ప్రయాణం రోజుకు వాయిదా వేయవచ్చు.

మా హోమ్‌స్టేలో పుట్టు, కడల కూర బ్రహ్మాండంగా ఉండేవి. వెళ్లేరోజు మాత్రం, ముందు చెప్పని ఏసీ ఛార్జీ బిల్లులో కనిపించింది. గది తీసుకునేటప్పుడే అడిగి రాయించుకోండి. బినాలే ప్రారంభ వారంలో కొన్ని కృతులు ఇంకా సిద్ధం కాకపోవచ్చు; 2022లో అయితే ప్రారంభమే డిసెంబరు 12 నుంచి 23కు వాయిదా పడింది. కనుక జనవరి నయం. సంచిలో ఒక తువ్వాలు పెట్టుకోండి. మేము తడి కాళ్లతోనే చెప్పులు తొడుక్కుని, ఆ రోజంతా ఇసుక రాపిడితో తిరిగాము.