పట్టు లంగా ఓణీనా, ఇకత్ కుర్తీనా?

మా అక్క కూతురికి పదహారు నిండాయి. ఒడిశాలోని బరంపురంలో ఫొటోలు తీయించాలి, ఏం వేసుకోవాలన్నదే వారం రోజుల టెన్షన్. చివరికి రెండు మిగిలాయి: అమ్మమ్మ బరంపురం పట్టుచీరతో కుట్టించిన లంగా, దానిమీద ఓణీ, లేదంటే జీన్స్ మీదకి సంబల్‌పురి ఇకత్ కుర్తీ.

పట్టుకి ప్రాణం అంచే. గుడి గోపురాల్లా మొనలు తేలిన ఆ అంచుని ఫోడా కుంభ అంటారు, ఆ అంచున్న బరంపురం పట్టుచీరకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. కానీ నిలువెత్తు ఫొటో తీస్తేనే ఆ అంచు కనిపిస్తుంది. నడుము వరకే తీస్తే డబ్బూ, శ్రమా దండగ. మిట్టమధ్యాహ్నం ఎండలో పట్టు మెరుపు తెల్లటి మచ్చలా పడుతుంది, అందుకే పొద్దున్నే తీయాలి, లేదా వసారా నీడలో. గోపాల్‌పూర్ బీచ్‌కి వెళ్తే మాత్రం గాలికి ఓణీ ఆగదు, పిన్నీసులు పెట్టీ పెట్టీ మన చేతులు పడిపోతాయి.

ఇకత్‌కి నేయకముందే నూలుని ముడులు కట్టి రంగుల్లో ముంచుతారు. అందుకే డిజైన్ అంచులు కాస్త అలికినట్టు మెత్తగా ఉంటాయి, దగ్గరి ఫొటోల్లో బాగుంటాయి. నూలు బట్ట కాబట్టి మెరుపు బాధ లేదు. ఇసకలో చతికిలబడొచ్చు.

"పిన్నీ, పట్టు కడితే ఎవరి పెళ్లికో వచ్చినట్టున్నా" అంది. నా ఓటు కుర్తీకే. ఆ మాట మా అమ్మకి ఇంకా చెప్పలేదు.