పాడుబడ్డ గడీకి ఏది మేలు: హోటలా, మ్యూజియమా, గ్రంథాలయమా?

"మా ఊళ్లో తాతల నాటి గడీ ఉంది, సగం కూలింది, ఏం చేస్తే బాగుంటుంది?" అని ఎవరో ఒకరు అడగని నెల లేదు. కొందరిది గడీ, కొందరిది మండువా లోగిలి, ఒకరిదైతే జమీందారీ కచేరీ. ఇన్నాళ్లూ నోటికొచ్చిన సలహా చెప్పి తప్పించుకున్నాను. ఈ ఏడాది ఆ ప్రశ్న మా ఇంటికే వచ్చింది. పంపకాల్లో పాత ఇల్లు మాకూ బాబాయి వాళ్లకూ ఉమ్మడిగా మిగిలింది. బాబాయి కొడుకు, నాకు తమ్ముడు, హోటల్ అంటాడు. పెద్దమ్మ మ్యూజియం అంటుంది, అందులో తాతగారి పల్లకీ పెట్టాలట. నేను గ్రంథాలయం అన్నాను. కాబట్టి కింద రాసింది పూర్తిగా నిష్పక్షపాతం అని నమ్మకండి.

సున్నపు గోడకు సున్నమే వాడాలని, గోడల్లో మొలిచిన రావి మొక్కను పట్టి లాగకూడదని మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఆ సంగతుల జోలికి పోను.

ముందు హోటల్. అందరి నోటా మొదట వచ్చే పేరు ఫలక్‌నుమా. 1884లో హైదరాబాదు నవాబు వికారుల్ ఉమ్రా మొదలుపెట్టించిన ఆ మహల్ తర్వాత ఆరో నిజాం చేతికి వెళ్లింది, ఆపైన దశాబ్దాల పాటు తాళాలు పడి ఉంది. తాజ్ వాళ్లు దాన్ని తీసుకుని బాగుచేసి, 2010 నవంబరులో హోటల్‌గా తెరిచారు. అరవై గదులు, నూటొక్క మంది కూర్చునే భోజనాల బల్ల. బాగుచేయడానికే పదేళ్లు పట్టింది. మా తమ్ముడు ఫోనులో ఆ ఫొటోలు చూపించినప్పుడల్లా నేను అడిగేది ఒక్కటే: ఆ పదేళ్లూ, ఆ డబ్బూ మన దగ్గర ఉన్నాయా?

ఫలక్‌నుమా ఎప్పుడూ శిథిలం కాదు కదా అంటే, నీమ్రానా ఉంది. రాజస్థాన్‌లో నిజంగానే కూలిపోయిన పదిహేనో శతాబ్దపు కోట. 1986లో కొన్నారు, 1991లో పదిహేను గదులతో తెరిచారు, ఆ తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోయారు. ఒక్కసారిగా కాకుండా కొన్ని గదులు బాగుచేసి, వాటి మీద వచ్చిన డబ్బుతో మరికొన్ని చేయడం అనే పద్ధతి నాకు నచ్చింది. హోటల్‌కు ఉన్న పెద్ద బలం కూడా అదే. పాత కట్టడం తన తిండి తాను సంపాదించుకుంటుంది. మ్యూజియానికైనా గ్రంథాలయానికైనా ఆ శక్తి లేదు. ఈ మాట ఒప్పుకోకుండా హోటల్‌ను తిట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది.

అయినా నేను హోటల్ వద్దన్నాను. ఎందుకంటే నా దృష్టిలో తేల్చాల్సింది ఒక్కటే: కొత్త వాడకానికి ఎన్ని కుళాయిలు కావాలి?

నవ్వకండి. మా ఇంటి పడమటి గది చూపిస్తాను. పదేళ్ల కిందట ఇల్లు అద్దెకిద్దామని ఆ గది మూలన బాత్రూం కట్టించారు. రెండున్నర అడుగుల మందం గోడను చెక్కి పైపు లోపల పెట్టి, పైన సిమెంటు పూశారు. పైపు ఎప్పుడు కారడం మొదలైందో ఎవరికీ తెలియదు. మామూలు ఇటుక గోడ అయితే వారంలో మరక కనిపిస్తుంది. అంత మందం గోడ నీళ్లను నెలల తరబడి తాగుతూ కూర్చుంటుంది, బయటికి ఏమీ తెలియనివ్వదు. మొన్న మేస్త్రీ వచ్చి వేలి కణుపుతో ఆ పూత మీద కొట్టాడు. డొల్ల చప్పుడు. తాపీ మొన పెట్టి కొంచెం ఎత్తగానే పలకంత సిమెంటు పెళ్ల ఊడి అతని చేతిలోకి వచ్చింది. దాని వెనక ఇటుక ముఖం కూడా ఊడొచ్చింది, పటిక పొడి చల్లినట్టు తెల్లటి ఉప్పు. తర్వాత నిచ్చెన వేసుకుని పైకెక్కి, దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవరు గుచ్చాడు. పిడి దాకా దిగిపోయింది. మధ్యలో అదే టేకు దూలం ఇనుములా ఉంది. గోడలో కనపడకుండా ఉండే ఆ జానెడు కొస మాత్రం తడిసిన అట్టముక్క. గది మిద్దె మొత్తం ఆ జానెడు మీదే నిలబడి ఉంది.

ఒక్క బాత్రూం చేసిన పని ఇది. ఇప్పుడు పదిహేను గదుల హోటల్ ఊహించండి. గదికో బాత్రూం, అందులో గీజరు, షవరు, కమోడు. మురుగు పారడానికి వాలు కావాలి, దానికోసం నేల తవ్వాలి లేదా మెట్టు ఎత్తాలి. దూలాల మీద నిలిచిన మేడగదిలో అయితే ఆ బరువూ ఆ తడీ నేరుగా కర్ర మీదే. మిద్దె మీద అయిదు వేల లీటర్ల ట్యాంకు పెడితే అయిదు టన్నులు. డబ్బున్నవాళ్లు దీనికి విరుగుడు కనిపెట్టగలరు. పాత గోడను తాకకుండా లోపల విడిగా అర కట్టి, పైపులన్నీ కంటికి కనపడేలా నడిపిస్తారు. చేతగాని పనేం కాదు. రోజూ పైపులు చూసుకునే జీతగాడు ఉన్నంత కాలం నిలుస్తుంది. ఊళ్లో హోటల్ రెండేళ్లు నడిచి మూతపడితే? పైపులు గోడల్లోనే ఉండిపోతాయి.

మ్యూజియం ఈ లెక్కలో బాగా గెలుస్తుంది. పొడి వాడకం. మరుగుదొడ్లు బయట ఓ మూల కట్టుకోవచ్చు. చంద్రగిరి రాజమహల్ చూడండి, పురావస్తు శాఖ మ్యూజియం అందులోనే ఉంది. కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టిన మహల్ కాబట్టి కుళ్లే దూలాల బెడదా లేదు. హైదరాబాదు చౌమహల్లా మరో దారి. నిజాం కుటుంబమే బాగుచేయించి జనానికి తెరిచింది, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. అక్కడి దర్బారు హాలు ఖిల్వత్‌లో ఆ షాండ్లియర్ల కింద నిలబడితే టికెట్టు డబ్బులు ఎవరికీ గుర్తుండవు. కానీ అది నిజాముల ఇల్లు. మా పెద్దమ్మ మ్యూజియంలో ఏముంటాయి? ఒక పల్లకీ, రెండు బల్లేలు, పలకని గ్రామఫోను, తాతగారి తలపాగా. ఊరంతా మొదటి ఆదివారం వస్తారు. రెండో ఆదివారం బడిపిల్లలు. మూడో ఆదివారానికి తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వెతుక్కోవాలి. తాళం పడిన పొడి ఇల్లు కూడా వానాకాలంలో పొడిగా ఉండదు. పగిలిన పెంకును చూసే మనిషి లేకపోతే ఆ నీళ్లు పడేది మళ్లీ ఆ దూలం కొస మీదే.

అందుకే నా మొగ్గు గ్రంథాలయం, బడి, సంగీతం పాఠాలు, సభలు, అంటే పగలు మనుషులు వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే వాడకం వైపు. కుళాయిలు దాదాపు సున్నా. పైగా రోజూ వచ్చేవాళ్లకు కారడం మొదటి జల్లుకే కనిపిస్తుంది, పుస్తకం మీద చుక్క పడితే ఊరుకునే పాఠకుడు ఉండడు.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ కోఠీలోనే ఉంది, దాచను. నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. అన్నేళ్లు ఆడపిల్లలు ఆ కొరింథియన్ స్తంభాల మధ్య నడిచి తరగతులకు వెళ్లారు. రోజూ మనుషులున్న కట్టడమే. అయినా 2002 నాటికి ప్రపంచ స్థాయిలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాకెక్కింది. చూసే కళ్లుంటే సరిపోదు, చూసినదాన్ని బాగుచేయించే డబ్బు ఏటా పక్కన పెట్టి ఉండాలి. కానీ ఒక్క సంగతి గమనించండి. కళాశాల అక్కడ ఉండబట్టే దాన్ని కూల్చాలన్న మాట రాలేదని నా అనుమానం. ఖాళీగా పడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. ఇప్పుడు ముఖ్య భవనాన్ని బాగుచేశారు, ప్రాంగణం చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయమైంది.

మిగతావి త్వరగా. ఫంక్షన్ హాలు: గోడకు మేకులు, డీజే అదురు, వంటల పొగ, వందల మంది చేతులు కడిగిన నీళ్లు; మా వరకు వద్దు. ప్రభుత్వ కార్యాలయం: ఏసీ కోసం కిటికీలు కోస్తారు, పైకప్పు కనపడకుండా అట్టలు బిగిస్తారు. శిథిలాన్ని శిథిలంగానే నిలిపి ఉంచడం: పైకప్పు ఎలాగూ పోయినచోట అన్నిటికంటే చవక, గోడల తలలు సున్నంతో మూసి నీళ్లు దిగకుండా చూస్తే చాలు. కూల్చి కొత్తది కట్టడం: హైదరాబాదులో వారసత్వ కట్టడమైన ఎర్రమంజిల్ స్థలంలో అసెంబ్లీ కడతామన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. మన గడీకి ఆ రక్షణ లేదు కాబట్టే ఈ గొడవంతా.

డబ్బు మాటకొస్తే దోమకొండ గుర్తుకొస్తుంది. ఆ గడికోటను వంశీకులే పూనుకుని బాగుచేసుకున్నారు, 2022లో యునెస్కో పురస్కారం అందింది. కుటుంబం ఒక్కమాట మీద ఉంటే ఎంత పని జరుగుతుందో చూడాలంటే కామారెడ్డి జిల్లాకు వెళ్లి రండి. మా కుటుంబం ఒక్కమాట మీద లేదు. అందుకని ఒప్పందం ఇలా కుదిరింది. పాత ఇల్లు గ్రంథాలయం, అందులో ఒక్క కుళాయి కూడా ఉండదు. పెద్దమ్మ పల్లకీ మండువాలో ఒక పక్కన. పెరట్లో బావి దగ్గర తమ్ముడు విడిగా రెండు గదులు కొత్తవి కట్టుకుంటాడు, బాత్రూములు కూడా అక్కడే. వాటి అద్దెలో మూడో వంతు ప్రతి ఏడూ వానలకు ముందు పెంకులకు, సున్నానికి పోవాలి. తమ్ముడు నాలుగో వంతు అన్నాడు. కాగితం మీద మూడో వంతనే రాయించాను.

పడమటి గది సిమెంటు ఒలిపించడం పూర్తయింది. ఈ వేసవంతా గోడలు ఆరాలన్నాడు మేస్త్రీ. దూలం కింద తాత్కాలికంగా రెండు తాటి మొద్దులు నిలబెట్టాం.