మేడ మీద బిట్‌కాయిన్ సర్వర్: మూడేళ్లు నడిపాక

నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటి మేడ మీద గదిలో, పాత పుస్తకాల బీరువా పక్కన, టిఫిన్ క్యారియర్ అంత కంప్యూటర్ ఒకటి 2022 జూన్ నుంచి రాత్రీ పగలూ నడుస్తోంది. అందులో బిట్‌కాయిన్ కోర్ (బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ సొంతంగా సరిచూసే సాఫ్ట్‌వేర్, దీన్ని నడిపే కంప్యూటర్‌ని నోడ్ అంటారు), దాని మీద ఎలక్టర్స్ అనే ఇండెక్స్ సర్వర్ (ఏ అడ్రసుకి ఏ లావాదేవీలున్నాయో వెతికిపెట్టేది), ఆ రెండిటినీ ఆధారం చేసుకుని నేను రాసుకున్న చిన్న వాలెట్ సర్వీస్ ఉన్నాయి. చూసినవాళ్లందరూ మొదట అడిగేది ఒకటే: "నెలకి ఎంత వస్తుంది అబ్బయ్యా?" పైసా రాదు. ఇది మైనింగ్ కాదు, అంటే కొత్త లావాదేవీల బ్లాకులు కట్టి రివార్డుగా కాయిన్లు సంపాదించే పని కాదు. నెలకి పదిహేను యూనిట్ల దాకా కరెంటు మాత్రం తింటుంది.

మరి ఎందుకంటే, ఫోన్‌లో వాలెట్ యాప్ తెరిచిన ప్రతిసారీ అది ఎవరిదో సర్వర్‌ని "ఈ అడ్రసుల్లో ఎంత ఉంది?" అని అడుగుతుంది. అడ్రసు అంటే ఖాతా నంబరు లాంటిది. ఆ సర్వర్ మన డబ్బు ముట్టుకోలేదు. కానీ ఆ అడ్రసులన్నీ ఒక్క మనిషివేనని దానికి తెలిసిపోతుంది, ఐపీ అడ్రసుతో సహా. ఇది నాకు నచ్చలేదు. మా సర్వర్‌లో ఉన్నది ఎక్స్‌పబ్ మాత్రమే, అంటే అడ్రసులు పుట్టించగలిగే పబ్లిక్ కీ. సంతకం పెట్టే ప్రైవేట్ కీ అందులో లేదు. కోర్‌లోని సొంత వాలెట్‌ని కూడా ఆపేశాను. మండీలో గుమాస్తా దగ్గర చిట్టా ఉంటుంది, ఇనప్పెట్టె తాళం ఉండదు కదా, అట్లా.

ఇన్‌స్టాల్ చేయడం గురించి పెద్దగా చెప్పను, ఒక సాయంత్రం పని. కష్టమంతా బ్లాక్‌చెయిన్ (మొదటి నుంచి జరిగిన లావాదేవీలన్నీ బ్లాకులుగా పేర్చిన చిట్టా) మొత్తం దించుకోవడంలో ఉంది. పిసినారితనంతో ఇంట్లో పడి ఉన్న పాత హార్డ్ డిస్క్‌తో మొదలుపెట్టాను. పదకొండు రోజులకి కూడా అరవై శాతం దాటలేదు. తిట్టుకుంటూ ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నాను, మూడో రోజుకి అయిపోయింది. సింక్ చేసేటప్పుడు డీబీక్యాష్‌ని, అంటే కోర్ లెక్కలకి వాడుకునే మెమరీని, మామూలు 450 నుంచి 4000 ఎంబీకి పెంచితే వేగం బాగా తేడా ఉంటుంది. అయితే సింక్ అయ్యాక దాన్ని మళ్లీ తగ్గించాలి. నేను మర్చిపోయాను. క్యాష్ పెద్దదైతే లెక్కలు ఎక్కువసేపు మెమరీలోనే ఉంటాయి, ఆ మధ్యలో కరెంటు పోతే చేసిన పని మళ్లీ చేయాలి.

కరెంటు అన్నాను కాబట్టి ఇది కూడా. మా ఇన్వర్టర్‌కి వెనక చిన్న స్విచ్ ఉంది, ఒక పక్క నార్మల్, ఇంకో పక్క యూపీఎస్. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. ఫ్యాన్‌కీ లైటుకీ ఆ రెప్పపాటు తెలియదు, డేటాబేస్‌కి తెలుస్తుంది. నెల రోజులు దీన్ని సాఫ్ట్‌వేర్ తప్పు అనుకున్నాను. ఇందుకూరుపేటలో రొయ్యల చెరువులున్న మా బావ వచ్చి ఒక్క చూపులో పట్టేశాడు. "ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి. మేము చెరువు తవ్వకముందే జనరేటర్ చూసుకుంటాం, నువ్వేందిరా అన్నీ పెట్టి ఇప్పుడు స్విచ్ వెతుకుతున్నావు" అన్నాడు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను అప్పుడు మాత్రం ఏ స్విచ్చీ కాపాడలేదు. బ్యాటరీ అడుగంటింది, మిషన్ పడిపోయింది, కరెంటు వచ్చాక కోర్ లేవలేదు. చెయిన్‌స్టేట్, అంటే ఇంకా ఖర్చు కాని కాయిన్ల పట్టిక, చెడిపోయింది. బ్లాకులు బాగానే ఉన్నాయి కాబట్టి మళ్లీ దించుకోకుండా చెయిన్‌స్టేట్‌ని మాత్రం తిరిగి కట్టించాను. అయినా ఒకటిన్నర రోజు పట్టింది. ఇప్పుడు బ్యాటరీ సగానికి పడితే దానంతట అదే మర్యాదగా షట్‌డౌన్ అయ్యేలా స్క్రిప్ట్ పెట్టాను.

ఇక టెస్టింగ్. ఈ మూడేళ్లలో నాకు నిజంగా పనికొచ్చింది ఇదే. కోర్‌లో రెగ్‌టెస్ట్ అనే మోడ్ ఉంది. మన కంప్యూటర్‌లోనే సొంత బ్లాక్‌చెయిన్, కమాండ్ కొడితే బ్లాక్ పుడుతుంది. కొత్తగా తవ్విన కాయిన్లు నూరు బ్లాకులు గడిస్తే గానీ ఖర్చుకి రావు, అందుకే మొదట 101 బ్లాకులు తవ్వాలి. ఒకరోజు రివార్డు 50 బదులు 25 వస్తోందని తల బద్దలు కొట్టుకున్నాను. అసలు నెట్‌వర్క్‌లో 2,10,000 బ్లాకులకోసారి జరిగే హాల్వింగ్ (రివార్డు సగానికి తగ్గడం), రెగ్‌టెస్ట్‌లో 150 బ్లాకులకే జరుగుతుంది. ఇంకో తలనొప్పి, లావాదేవీని బ్లాక్‌లోకి ఎక్కించేవాళ్లకి ఇచ్చే ఫీజు అంచనా. జనం లేని చోట కోర్ ఫీజు లెక్క కట్టలేదు, "డేటా చాలదు" అంటుంది. ఫాల్‌బ్యాక్‌ఫీ (అంచనా కుదరనప్పుడు వాడాల్సిన ఫీజు) ఇవ్వకపోతే డబ్బు పంపడమే కుదరదు.

నా కోడ్‌లో పెద్ద తప్పు బయటపడింది బ్లాక్‌ని రద్దు చేసి చూసినప్పుడు. ఇన్వాలిడేట్‌బ్లాక్ కమాండ్‌తో చివరి బ్లాక్‌ని తీసేసి, అదే లావాదేవీని వేరే బ్లాక్‌లో ఎక్కించాను. నా చిట్టాలో ఒక కాయిన్ రెండయింది! బ్లాక్ హ్యాష్‌ని (బ్లాక్ గుర్తింపు సంఖ్యని) కూడా కలిపి పద్దు రాసుకున్నాను, బ్లాక్ మారగానే నా సర్వీస్ దాన్ని కొత్త జమ అనుకుంది. లావాదేవీ ఐడీ, అందులో అవుట్‌పుట్ (డబ్బు చేరే పద్దు) నంబరు, ఈ రెండే గుర్తుగా పెట్టుకుని మళ్లీ రాశాను. అసలు నెట్‌వర్క్‌లో ఇట్లా చివరి బ్లాక్ మారడం అప్పుడప్పుడు జరుగుతుంది. అక్కడ పట్టుబడి ఉంటే ఎవరి డబ్బుకో లెక్క చెప్పాల్సి వచ్చేది.

రెండోది గ్యాప్ లిమిట్. 25 బిల్లులకి 25 అడ్రసులు పుట్టించి, 24వ దానికి మాత్రమే డబ్బు పంపాను. తర్వాత వాలెట్‌ని తిరిగి రప్పించే పన్నెండు రహస్య పదాలతో, ఎలక్ట్రం అనే వాలెట్ యాప్‌లో దాన్ని తెరిస్తే బ్యాలెన్స్ సున్నా. గుండె ఒక్కసారి గుభేలుమంది, ఉత్తుత్తి కాయిన్లే అయినా. వరుసగా 20 అడ్రసులు ఖాళీగా కనిపిస్తే వాలెట్ ఇక వెతకడం ఆపేస్తుంది. గ్యాప్ పెంచితే డబ్బు కనిపించింది. బేరం అడిగి కొనకుండా పోయేవాళ్లు ఎక్కువగా ఉండే అంగడికి ఇది నిజంగా జరుగుతుంది, అందుకే కట్టని బిల్లుల అడ్రసుల్నే మళ్లీ వాడేలా మార్చాను.

మూడోది, బ్లాక్‌లోకి ఎక్కని లావాదేవీని చూసి "డబ్బు ముట్టింది" అని చెప్పడం. ఎక్కువ ఫీజుతో అదే డబ్బుని ఇంకో అడ్రసుకి మళ్లించడం ఎంత తేలికో నేనే చేసి చూశాను. ఒక్క కన్‌ఫర్మేషన్ అయినా (అంటే బ్లాక్‌లోకి ఎక్కడం) లేకుండా నా సర్వీస్ ఇప్పుడు నోరు విప్పదు.

రెగ్‌టెస్ట్ చూపించలేనిది రద్దీ. 2023 మే నెలలో కొన్ని బ్లాకుల్లో ఫీజులే 6.25 కాయిన్ల రివార్డుని దాటాయి. 2024 ఏప్రిల్ 20న హాల్వింగ్ రోజు కూడా అంతే, ఫీజులు ఎక్కడికో పోయాయి. నేను పంపిన చిన్న మొత్తం రెండు రోజులు మెంపూల్‌లో (బ్లాక్‌లోకి ఎక్కడానికి లావాదేవీలు ఎదురుచూసే చోట) వేలాడింది. అట్లాంటప్పుడు ఫీజు పెంచే బటన్ వాలెట్‌లో ఉండాలని అప్పుడే తెలిసొచ్చింది. జనంతో పరీక్షించాలంటే, ఉత్తుత్తి కాయిన్లతో నడిచే పరీక్షా నెట్‌వర్కుల్లో సిగ్నెట్ మేలు, బ్లాకులు తిన్నగా వస్తాయి. పాత టెస్ట్‌నెట్‌లో ఒక్కోసారి బ్లాకులు వరదలా వచ్చి పడతాయి.

ఎలక్టర్స్ గురించి రెండు మాటలు. ఒక ఇంటికి చక్కగా సరిపోతుంది, తేలిక. చరిత్ర ఎక్కువున్న అడ్రసుని అడిగితే మాత్రం నీళ్లు నములుతుంది. ప్రూనింగ్ (చోటు కోసం పాత బ్లాకులు చెరిపేయడం) పెట్టిన నోడ్ మీద పనిచేయదు, బ్లాకులన్నీ ఉండాల్సిందే. వందలమంది వాడే సర్వీసుకి దీన్ని పెట్టను.

మా ఇంటర్నెట్‌కి సొంత పబ్లిక్ ఐపీ లేదు, బయటి నుంచి నోడ్‌కి చేరలేరు. ఐపీ దాచి దారి కలిపే టార్ నెట్‌వర్క్ ద్వారా పెట్టుకున్నాక ఊరెళ్లినప్పుడు కూడా ఫోన్ నుంచి అందుతోంది. కాస్త నిదానం. రోజుకి ఇంతకంటే అప్‌లోడ్ చేయొద్దని పరిమితి పెట్టకపోతే నెల మధ్యలోనే నెట్ స్పీడ్ పడిపోతుంది. రోహిణి కార్తెలో రేకుల వేడికి ఆ గదిలో మనిషే ఉండలేడు. ఆ రెండు వారాలు మిషన్‌ని కింద హాల్లోకి దించుతాను, దాని గాలి తన మొహాన కొడుతోందని మా అమ్మ సణుగుతుంది.

ఇది చదివి కాయిన్లు కొనమని నేను అనడం లేదు. లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్ 2022 నుంచి ఉన్నాయి, నష్టం వస్తే దేనికీ సర్దుకోనివ్వరు. వాలెట్ సాఫ్ట్‌వేర్ రాసే పనిలో ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా ఒక నోడ్ నడిపి తీరాలంటాను. ఊరికే కాయిన్లు దాచుకునేవాళ్లకి, కరెంటు సంగతి చూసుకోగలిగితేనే.

ప్రస్తుతం నా ఎస్‌ఎస్‌డీ నిండబోతోంది. కొన్నప్పుడు పదేళ్లకి సరిపోతుందనుకున్నాను. ఆర్డినల్స్ (బ్లాకుల్లో బొమ్మలూ రాతలూ ఎక్కించే పద్ధతి) వచ్చాక బ్లాకులు బరువెక్కాయి, బ్లాకులే 700 జీబీ దగ్గరకొచ్చాయి, ఇండెక్స్ వేరే. రెండు టీబీది కొనాలి. కాపీ చేసేటప్పుడు కరెంటు పోతే అని బావ దగ్గర చిన్న జనరేటర్ అడిగాను, రొయ్యల పట్టుబడి అయ్యాక తీసుకెళ్లమన్నాడు.