మొరం గట్టుకు వట్టివేరు: కొన్ని వానాకాలాల తర్వాత సమీక్ష

తీర్పు ముందే చెప్పేస్తాను. వాన కోతను, పైపొర మట్టి జారడాన్ని వట్టివేరు గడ్డి నిజంగానే ఆపుతుంది. లోతు నుంచి కదిలే కొండచరియను మాత్రం ఆపలేదు. గట్టు పైన అంచు పొడవునా పగులు కనిపిస్తే గడ్డి సంగతి పక్కనపెట్టి ఇంజనీరును పిలవాలి.

వాడింది విశాఖ వైపు ఇంటి స్థలాల వెనక మామూలుగా కనిపించే రకం గట్టు మీద: కొండవాలును తవ్వగా మిగిలిన ఎర్ర మొరం, 4 మీటర్ల ఎత్తు, 20 మీటర్ల పొడవు, సారం సున్నా. నిట్టనిలువు కోత మీద ఏ మొక్కా నిలవదు. ముందు 45 డిగ్రీలకు మించకుండా వాలు చెక్కించాలి. స్థలం ఉంటే ఇంకా పడుకోబెట్టినా మంచిదే. పైఅంచుకు కాస్త వెనగ్గా కాలువ తీసి కొండ నీటిని పక్కకు మళ్లించాలి. ఈ కాలువ లేకుండా గడ్డి వేయడం డబ్బు దండగ.

సాళ్లు వాలుకు అడ్డంగా, మట్టంగా రావాలి. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు. పైఅంచున ఒక సాలు, అక్కడి నుంచి ప్రతి మీటరు ఎత్తుకు ఒకటి చొప్పున మొత్తం అయిదు. పిలకకూ పిలకకూ 12 సెంటీమీటర్లు పెడితే 830 దాకా పడతాయి. పోయినవాటికీ కలిపి 1000 తెచ్చుకోవాలి. దుబ్బును రెండు మూడు కాడలకు ఒకటిగా విడదీసి, ఆకును జానెడు, వేరును నాలుగు వేళ్లంత ఉంచి కోసి, పేడనీళ్లలో ముంచి నాటాలి. సాలు తవ్వకం 15–20 సెంటీమీటర్ల లోతు. అడుగున మాగిన పశువుల ఎరువు, మీటరుకు గుప్పెడు డీఏపీ.

నేరుగా పిలకలు నాటడం కన్నా సంచుల్లో పెంచిన మొక్కలే నయం. జులైలో పిలక నాటితే అక్టోబరు తుపానుల నాటికి వేరు ఇంకా చాలదు. ఫిబ్రవరిలోనే చిన్న పాలిథీన్ సంచుల్లో పెట్టి, తొలకరి బాగా పడ్డాక గట్టు ఎక్కిస్తే ఆ తేడా కళ్లకు కనిపిస్తుంది. కూలి ఎక్కువవుతుంది, తప్పదు.

అందరూ చిన్నచూపు చూసేది ఖాళీలను. సాల్లో ఒక్క పిలక చచ్చి జానెడు సందు మిగిలితే, సాలు ఆపిన నీరంతా అటే దూకుతుంది. ఆ సందు కింద మొరం ముందు వేలెడు గాడిగా, రెండు పెద్ద వానలకు మోకాలి లోతు గండిగా మారుతుంది. పక్క దుబ్బుల వేళ్లు గాలిలో వేలాడతాయి. అందుకే నాటిన నెలలోపే ఖాళీలు నింపాలి. సాలు పూర్తిగా మూసుకున్నాక జరిగేది చూడముచ్చటే: కొట్టుకొచ్చిన మట్టి సాలు వెనక మెట్టులా పేరుకుంటుంది. ఆ మట్టిలో పూడుకుపోయిన కాడల కణుపుల నుంచి కొత్త వేళ్లు వచ్చి, మట్టితోపాటే దుబ్బూ పైకి లేస్తుంది. రాతి గోడకు ఈ గుణం లేదు.

వేరు బలం గురించి చెప్పుకునేది అబద్ధం కాదు. లాగితే తెగకుండా తట్టుకునే బలం సగటున 75 మెగాపాస్కల్స్, మామూలు ఉక్కు బలంలో ఆరో వంతు. మెత్తని నేలలో ఏడాదిలోనే 2–3 మీటర్లు దిగుతుంది. గట్టి మొరంలో అంత లోతు ఆశించకూడదు, పగుళ్లు వెతుక్కుంటూ పోతుంది.

నీడ దీనికి పడదు. వేప, మామిడి కొమ్మల కింద దుబ్బు పలచబడి చస్తుంది. అలాంటి చోట వావిలి కొమ్మలు నాటుకోవడం మేలు. మొదటి ఏడాది వయ్యారిభామ కమ్మేసినా అదే నష్టం, పీకేస్తూ ఉండాలి. లేత ఆకును మేకలు వదలవు, కొత్త పిలకనైతే వేరుతో సహా లాగేస్తాయి. కాబట్టి కంచె ముందు, నాట్లు తర్వాత. మొదటి వేసవిలో వారానికోసారి తడి ఇవ్వాలి. నాలుగో నెలలో మోకాలి కిందికి కోస్తే పిలకలు పెరిగి సాలు త్వరగా మూసుకుంటుంది. ఆ తర్వాత ఏడాదికి రెండు కోతలు. రెండోది సంక్రాంతి లోపే చేసేయాలి, ఎండిన ఆకు ఇంటి పక్కన నిప్పుకు సిద్ధంగా ఉంటుంది. కాలినా దుబ్బు మళ్లీ చిగురిస్తుంది, భయమంతా ఇంటికే.

సాళ్ల మధ్య నేల బోడిగా వదిలితే మొదటి వానలకే చారలు పడతాయి. కొబ్బరిపీచు వల పరచి స్టైలో (పప్పుజాతి పశుగ్రాసం) గింజ చల్లితే ఆ ఏడాది గడుస్తుంది.

కొనేటప్పుడు దక్షిణాది రకమే అడగాలి. పూత వచ్చినా మొలకెత్తే గింజ ఉండదు కాబట్టి పక్క చేలలోకి కలుపులా పాకదు. ఉత్తరాది రకాలకు గింజ కడుతుంది. ఇంకో మాట: వేరుకు బజారులో ధర ఉంది. గట్టు మీది దుబ్బును వేరు కోసం తవ్వితే నేల గుల్లబారి, ఆ ముక్క మళ్లీ మొదటి నుంచి నాటుకోవాల్సిందే.